కోళ్లు ఎటు చూస్తున్నాయి

బెక్వాయ్‌లో కుట్టుపనికి చేరిన పిల్ల సూదిలో దారం ఎక్కించడానికి ముందే తన కొట్టుకి పేరు పెట్టుకుంటుంది. మిషను కొనలేదు, జాగా చూడలేదు, చంక దగ్గర వంపు తిప్పడం రాదు, పేరు మాత్రం సిద్ధం. ‘దేవుడి గడియారమే సరైనది ఫ్యాషన్స్’. ‘శత్రువుకేం తెలుసు దుస్తులు’. ‘ఇక ఏడవను కుట్టుకేంద్రం’. కుమాసీ రోడ్డు పొడుగునా చెక్క డబ్బాల మీద ఈ పేర్లు చదువుకుంటూ నడిస్తే ఊళ్లో వాళ్లు దేనికి భయపడ్డారో, ఎవరి మీద కడుపులో కోపం పెట్టుకున్నారో, ఏం దొరికాక ఊపిరి పీల్చుకున్నారో అన్నీ తెలిసిపోతాయి. రాళ్ల మీది రాతలు చదివి దేశాల చరిత్ర రాసినవాళ్లు బోలెడుమంది. డబ్బాకొట్ల బోర్డులు చదివి రాసేవాడు ఇంకా పుట్టలేదు.

బొవాటెమా మేడమ్ కొట్టులో సోమవారం పొద్దున ప్రార్థన కాగానే నడిచేది ఈ ముచ్చటే. ఎవరు ఎక్కడ కొట్టు పెడతారు, ఏం కుడతారు, ఎవరికి కుడతారు.

"నేను పోలీసు లైన్ల ఎదురుగా పెడతా," అనేది ఒఫోసువా. దానికి పందొమ్మిదేళ్లు. ముందు నోరు పుట్టి, ఆ వెనక మనిషి పుట్టిందని మేడమ్ అంటుండేది. "ఒక్కొక్కడికీ నాలుగు జతలు. చిరిగినప్పుడల్లా నా దగ్గరికే రావాలి. అందులో ఒకణ్ణి చూసుకుని పెళ్లి చేసేసుకుంటా."

"వాడు లంచాలు తినేవాడైతేనో?"

"తింటే లావెక్కుతాడు. లావెక్కితే కొత్త జత. కుట్టు మళ్లీ నాదే." అందరూ నవ్వాక అది ఆఫ్రాకొమా వైపు తిరిగేది. "నీ కొట్టు పేరేంటక్కా?"

"ఇంకా పెట్టలేదు," అనేది ఆఫ్రాకొమా, కాజా తీస్తున్న బట్ట మీంచి తల ఎత్తకుండా.

"నాలుగేళ్లయింది! కన్నపిల్లకి ఎనిమిదో రోజున పెట్టేస్తాం కదా పేరు!"

పేరు పెట్టుకుంది ఆఫ్రాకొమా. ఎవరికీ చెప్పలేదు, అంతే. దేవుడు, శత్రువు, ఓపిక, కన్నీళ్లు ఏవీ లేని పేరు. ‘ఆఫ్రాకొమా’ అని నీలం అక్షరాలు, కింద ఒక కత్తెర బొమ్మ. ఇది వింటే ఒఫోసువా వారం రోజులు నవ్వుతుందని తెలుసు.

ఆమెకి అప్పటికి ముప్ఫై తొమ్మిదేళ్లు. మిగతా శిష్యురాళ్లందరూ పదహారుకీ ఇరవైకీ మధ్యవాళ్లు. మొదటి ఏడంతా ఆమె పనేమిటంటే కొట్టు ఊడవడం, నీళ్లు తేవడం, మేడమ్ మధ్యాహ్నం తినే ఫుఫూ ముద్దకి గిన్నె కడగడం. ఎవరు చేరినా మొదటి ఏడు అంతే. పదహారేళ్ల పిల్ల చేస్తే అది చదువు. ముప్ఫై అయిదేళ్ల మనిషి చేస్తే దారినపోయేవాళ్లు ఆగి చూస్తారు. ‘అమ్మమ్మా, నీళ్లు అయిపోయాయి’ అని పిల్లలు కేకేసేవాళ్లు. తెచ్చేది.

అంతకు ముందు పదకొండేళ్లు ఆమె బస్సుల అడ్డా పక్క పూటకూళ్ల కొట్లో అండాలు తోమింది. అంతకు ముందు కుమాసీలో నీళ్ల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని అమ్మింది. ఇంకా ముందు, కోకో తోటల ఊళ్లో, బడి ఆరో తరగతిలో ఆపేసి తల్లికి తోడుగా కాయలు పగలగొట్టింది. మధ్యలో కలప లారీ తోలే మగడొకడు వచ్చి, పొమా అనే కూతుర్నిచ్చి, టకోరాడి వైపు లోడు తీసుకుని వెళ్లి, అటే ఉండిపోయాడు. వీటిలో ఏ ఒక్కటీ తను ఎంచుకున్నది కాదు. కుట్టుపని ఒక్కటే ఎంచుకుంది, అదీ విచిత్రంగా.

ఆమెకి మంచి గౌను ఒకటే ఉండేది. ఒక ఆదివారం గుడి నుంచి వచ్చి, ఆ గౌను ఎలా కుట్టారో చూడాలనిపించి, బ్లేడు పెట్టి కుట్లన్నీ విప్పేసింది. పదిహేను ముక్కలొచ్చాయి. మళ్లీ కలపబోతే కలవలేదు. మర్నాడు ఆ ముక్కలు మూటగట్టుకుని బొవాటెమా మేడమ్ దగ్గరికి పోతే, ఆవిడ చూసి పడీపడీ నవ్వి, గిన్నెడు గంజి తాగేంత సేపట్లో గౌను చేతిలో పెట్టింది. ఆఫ్రాకొమా ఆ గౌను తీసుకుని ఇంటికి పోలేదు. గడపలోనే నిలబడి, "నాకు నేర్పుతారా?" అంది.

"ఈ వయసులోనా? నేర్చుకుని ఏం చేస్తావే?"

"ముక్కలు చూస్తే అవి ఎలా కలుస్తాయో తెలియాలి నాకు."

మేడమ్ చాలాసేపు ఆమెనే చూసింది. అప్పట్లో ఆవిడ కళ్లు బాగానే ఉండేవి.

ఒప్పందం మూడేళ్లు. మూడేళ్లయ్యాక గురువు శిష్యురాలిని వదిలిపెట్టాలి. దాన్ని విడుదల అంటారు ఇక్కడ. శిష్యురాలు తెల్లబట్టలు కడుతుంది. గురువు ఆమె మెడ మీదా భుజాల మీదా తెల్ల పౌడరు చల్లి, రెండు చేతులతో కత్తెర అందించి, దీవెన మాటలు చెబుతుంది. ఆ మాటలు లేకుండా కొట్టు పెట్టినవాళ్లు లేకపోలేదు. కానీ వాళ్ల కుట్టు నిలవదంటారు, దారం జారిపోతుందంటారు. నిజంగా జారుతుందో లేదో ఎవరూ చూడలేదు. చూడ్డానికి వాళ్ల దగ్గరికి బట్టలు తీసుకెళ్లిందెవరని!

ఆఫ్రాకొమా విడుదల మొదటిసారి క్రిస్మస్ పని ఒత్తిడి వల్ల ఆగింది. రెండోసారి మేడమ్ అన్నయ్య పోవడం వల్ల ఆగింది. నాలుగో ఏడు గడుస్తుంటే పొమా హాస్టలు బడి నుంచి ఫారం ఒకటి ఇంటికి తెచ్చింది. తల్లి వృత్తి అన్నచోట ‘కుట్టుపని నేర్చుకుంటోంది’ అని పిల్ల గుండ్రంగా రాసింది. అంతకు ముందు ఏడూ అదే, ఆ ముందు ఏడూ అదే.

"వచ్చే ఏడు దర్జీ అని రాద్దువులే," అంది ఆఫ్రాకొమా.

"పోయినసారీ అదే అన్నావమ్మా," అంది పొమా. ఆ పిల్ల దెప్పలేదు, ఉన్నమాట చెప్పింది.

విడుదల ఆగడానికి అసలు కారణం ఇద్దరికే తెలుసు. బొవాటెమా మేడమ్‌కి చూపు పోతోంది.

ఈ ఊళ్లో కాగితం నమూనాలు పెట్టుకుని కత్తిరించరు. బట్ట పరిచి, మడతేసి, సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి, కత్తెర వేసేస్తారు. మనిషి ఒంపుసొంపులన్నీ కత్తిరించేవాళ్ల కంట్లోనే ఉండాలి. కుట్టే పిల్లలు వందమంది దొరుకుతారు, కత్తిరించే మనిషిని బట్టే కొట్టుకి పేరు. బొవాటెమా పేరు అలా ముప్ఫై ఏళ్లు నిలిచింది. ఆ కళ్లకి పొర కమ్మడం మొదలయ్యాక ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఆసుపత్రికీ పోలేదు. వేళ్ల అంచనాతోనే కొలతలు గట్టిగా చదివేది, ఆఫ్రాకొమా పుస్తకంలో రాసేది. తర్వాత మేడమ్ బట్ట పట్టుకుని తెర వెనక్కి వెళ్లేది. కాసేపటికి ఆఫ్రాకొమా మంచినీళ్లు ఇచ్చే వంకతో లోపలికి పోయేది. బట్ట కత్తిరించేది. ఆ తర్వాత కత్తెర చేతిలో పట్టుకుని మేడమ్ ముందుగా బయటికి వచ్చేది. రెండేళ్లుగా ఆ కొట్టులో కత్తెర పడ్డ ప్రతి బట్టా ఆఫ్రాకొమా కత్తిరించిందే.

ఇద్దరూ దీని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మొదటిసారి మేడమ్ చేతిలోని సుద్ద గీత బట్ట దాటి బల్ల మీదికి పోతే, ఆఫ్రాకొమా ఆ సుద్ద మెల్లగా తీసుకుంది. మాట్లాడుకున్నట్టు లెక్క అదే.

నవంబరులో దర్జీ సంఘం వాళ్లు కబురు పంపారు. ఫలానా సోమవారం వచ్చి ఆ ఏడు విడుదల కావలసిన వాళ్లని చూస్తారు. మేడమ్ ఈసారి వాయిదా వేయలేదు. "వాళ్లు సరేనంటే ఆ పై ఆదివారం చేసేద్దాం," అంది, ఆఫ్రాకొమా మొహం వైపు చూడకుండా. ఆఫ్రాకొమా ఆ రోజు తెల్లబట్ట గజం వెల ఎంతో అడిగి వచ్చింది.

ఆ వారంలోనే మేడమ్ చిన్ననాటి స్నేహితురాలు టివా వాళ్లమ్మ పోయింది.

ఆ ముసలమ్మకి తొంభై మూడేళ్లు. అంత వయసున్న మనిషి పోతే ఎరుపూ నలుపూ కట్టరు, తెలుపూ నలుపూ కడతారు. పెద్దకూతురు టివా కుటుంబమంతటికీ ఒకటే బట్ట ఎంచింది. తెల్లటి నేల మీద నల్లటి తల్లికోళ్లు, వాటి కాళ్ల చుట్టూ పిల్లలు. తొమ్మిదిమందిని పెంచిన తల్లికి అంతకన్న తగిన బట్ట దొరకదు. ఆరుగురు కూతుళ్లకి కుట్టాలి. ఒక్కొక్కరికి ఆరేసి గజాలు. పైకి కబా అనే రవిక, కిందికి పొడుగు లంగా, మిగిలిన రెండు గజాలు భుజం మీద వేసుకోవడానికి.

టివా ఆ మూట తెచ్చి మేడమ్ ఒళ్లో పెట్టింది. ఇద్దరూ ఒక వాకిట్లో ఆడుకుని పెరిగినవాళ్లు.

"బొవాటెమా, ఇది పిల్లల చేతికివ్వకు. నీ చెయ్యే పడాలి. మా అమ్మ నిన్ను కూడా వీపున కట్టుకుని మోసింది."

"నాకు చెప్పాలా టివా! నేనే కత్తిరిస్తా," అంది మేడమ్.

ఆ మాటలో బడాయి లేదు. తనను మోసిన మనిషికి తన చేత్తో చేయాలని ఆవిడ నిజంగానే అనుకుంది. మంచినీళ్లు తీసుకుని ఆఫ్రాకొమా తెర వెనక్కి వెళితే, "బయటికి పో," అంది.

"పట్టుకుంటానమ్మా, అంతే."

"అక్కర్లేదన్నానా?"

తెర సందులోంచి ఆఫ్రాకొమాకి కనిపించింది. మేడమ్ వేళ్లతో అంచు తడిమింది, నేత తడిమింది, పొడుగు వెడల్పు చూసుకుంది. బట్టలో వేలికి అందనిది ఒక్క బొమ్మే. మేడమ్ ఆ బట్టని భుజం దగ్గర మడతపెట్టింది. పువ్వులూ చుక్కలూ ఉన్న బట్టయితే అదే పద్ధతి, భుజానికి కుట్టు లేకుండా ముందూ వెనకా ఒకే ముక్కలో వస్తాయి. తలా కాళ్లూ ఉన్న బొమ్మల్ని అలా మడతపెడితే ముందు వైపు కోళ్లు నిలబడతాయి, వీపు వైపు తలకిందులవుతాయి.

"అమ్మా, కోళ్లు..." అంది ఆఫ్రాకొమా.

"కోళ్ల సంగతి నాకు తెలుసు!"

కత్తెర ఆరుసార్లు నడిచింది. బయట కూర్చుని గుండీలు కుడుతూ ఆఫ్రాకొమా ఆ చప్పుడు లెక్కపెట్టింది. ఆ ముక్కల్ని మేడమ్ ఎవరికీ ఇవ్వలేదు, ఇంటికి తీసుకుపోయి తనే కుట్టింది. గురువారం ఇస్త్రీ అయి మడతల్లో వచ్చాయి. పైకి ముందు వైపు కనబడుతోంది. కోళ్లు నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. ఆఫ్రాకొమా మూటని చూస్తూ ఉండిపోయింది గానీ విప్పలేదు. ఎందుకు విప్పలేదని తర్వాత తనని తను చాలాసార్లు అడుక్కుంది. మేడమ్ సరిచేసుకుని ఉంటుంది అనుకున్నాను, అని చెప్పుకునేది. అంతకంటే అడుగున ఇంకో సంగతి ఉంది. ఇది బయటపడితే దాపరికం పోతుంది, దాపరికం పోతే తనని పట్టి ఉంచాల్సిన పనీ పోతుంది. ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి ఏదో ఒక పని చేసేది.

శుక్రవారం పొద్దున టివా వచ్చింది. కబా తొడుక్కుని అద్దంలో ముందు చూసుకుని, "నీ చేతికి నీ చెయ్యే సాటి," అని, వీపు చూపించడానికి తిరిగింది.

ఒఫోసువా ఆగలేకపోయింది. "అయ్యో! కోళ్లు కాళ్లు పైకెత్తేశాయి!"

సంతలో కోడిని కాళ్లు కట్టి తలకిందులుగా పట్టుకుని బేరమాడతారు. అలా పట్టుకున్న కోడి ఎటు పోతుందో అందరికీ తెలుసు. చనిపోయిన తల్లి కోసం కట్టే బట్టలో, ఆరుగురు కూతుళ్ల వీపుల మీద, తల్లికోళ్లు సంతకోళ్లలా వేలాడుతున్నాయి. టివా రెండో కబా తీసి చూసింది. మూడోది తీసింది. ఆరూ చూసి నేల మీద కూలబడింది.

"మా అమ్మని కోసుకు తినేవాళ్లలాగా ఉన్నామే, బొవాటెమా! నువ్వే కత్తిరిస్తానన్నావే! నీ కళ్లేమయ్యాయే?"

ఆ ప్రశ్న ఆవిడ ఊరికే అన్నది. కానీ మేడమ్‌కి అది నిజమైన ప్రశ్నే. ఆవిడ తల మెల్లగా ఆఫ్రాకొమా ఉన్న వైపు తిరిగింది. సరిగ్గా ఆఫ్రాకొమా వైపు కూడా కాదు, ఆమె ఉంటుందనుకున్న చోటికి.

"ఒంట్లో బాగోలేదు టివా. దీని చేతికిచ్చాను. పెద్దది కదా, చూసి చేస్తుందనుకున్నా. ఏమే, ఇలాగేనా కత్తిరించేది?"

కొట్టులో మిషన్లన్నీ ఆగిపోయాయి. సోమవారం సంఘం వాళ్లొస్తారు. చావుబట్ట చెడగొట్టిన శిష్యురాలికి ఆ ఏడు విడుదల లేదన్నది సంఘం మాట, కొట్టులో అందరికీ తెలిసిందే. తను కాదంటే మేడమ్ ముప్ఫై ఏళ్ల పేరు ఈ గదిలోనే పోతుంది. ఆ నోటి నుంచి ఇక తనకి దీవెన రాదు. అవునంటే విడుదల పోతుంది. ఇంత లెక్క వేసుకునే తీరిక ఆమెకి లేదు. ఎదురుగా ఆ రెండు కళ్లు తను లేని చోట తనని వెతుకుతున్నాయి.

"తప్పయిపోయిందమ్మా," అంది ఆఫ్రాకొమా.

ఆ పగలంతా కూర్చుని ఆమే బాగుచేసింది. ఆరు వీపులూ భుజాల దగ్గర తెగ్గోసి, భుజం మీద వేసుకునే రెండేసి గజాల్లోంచి కొత్త వీపులు తీసి, కోళ్లని నిలబెట్టి కుట్టింది. శనివారం కూతుళ్లు ఆరుగురూ భుజాన గుడ్డ లేకుండా తల్లిని సాగనంపారు. జనం కళ్లు ఆ ఖాళీ భుజాల మీదే. ఆదివారం గుడి దగ్గర ఎవరో ‘కోళ్ల ఆఫ్రాకొమా’ అన్నారు, ఆ పేరు మధ్యాహ్నానికి బస్సుల అడ్డా దాకా పోయింది. బొవాటెమా మేడమ్ కూడా ఆ బట్టే కొనుక్కుంది కట్టుకుందామని. జ్వరమని చెప్పి ఆ శనివారం ఇంట్లోనే ఉండిపోయింది.

సోమవారం సంఘం నుంచి ముగ్గురొచ్చి బల్ల మీద కూర్చున్నారు. పెద్దావిడ ఆంటీ మాన్సా, ఊళ్లో సగంమంది దర్జీలకి గురువు, ఇచ్చిన కూల్‌డ్రింకు మూత తీయకుండా పక్కన పెట్టింది. విడుదల గడువు రాని పిల్లల్ని కూడా వరసగా నిలబెట్టి, నువ్వేం చేస్తున్నావు, ఏం కావాలనుకుంటున్నావు అని అడిగింది.

ఒఫోసువా పోలీసు లైన్ల సంగతి చెబితే, "మొగుడి కోసం కొట్టు పెడతావా, కొట్టు కోసం మొగుణ్ణి కట్టుకుంటావా?" అంది ఆంటీ మాన్సా.

"ఏది ముందొస్తే దాని కోసం రెండోది, ఆంటీ."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆఫ్రాకొమా వంతు వచ్చేసరికి ఆ నవ్వు ఇంకోలా అయింది.

"నువ్వేనా ఆ కోళ్ల మనిషివి? ఏం చేస్తుంటావు ఈ కొట్టులో?"

"కాజాలు తీస్తాను. గుండీలు కుడతాను. చెప్పిన పని చేస్తాను."

"ఏం కావాలనుకుంటున్నావు?"

ఆఫ్రాకొమా నోరు తెరిచింది. నీలం అక్షరాలు, కత్తెర బొమ్మ. అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆంటీ మాన్సా సంచిలోంచి చేపల బొమ్మల బట్ట ఒకటి తీసింది, చేపలన్నీ ఒకే వైపు ఈదుతున్నవి. "ఒక కబా కత్తిరించు. నా కొలతకి. టేపు పెట్టకు."

ఆఫ్రాకొమా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. బట్ట పరిచింది. చేపల తలలు ఎటున్నాయో చూసి, ముందుకి ఒక ముక్క, వెనకకి ఒక ముక్క విడివిడిగా వేసి, నాలుగు గీతలు గీసి కత్తెర నడిపింది. సంకోచం లేని చప్పుడు. ఆంటీ మాన్సా ముక్కలెత్తి తన ఒంటికి ఆనించుకుంది. చంక దగ్గర వేలు పెట్టి చూసింది.

"ఈ చేతులు ఆ కోళ్లని కత్తిరించాయా?" అంది. షెల్ఫులో ఉన్న బైబిలు తీసి బల్ల మీద పెట్టింది. "దీని మీద చెయ్యి పెట్టి చెప్పు. ఇక నేనేమీ అడగను."

నోటితో ఒప్పుకోవడం వేరు. అబద్ధపు ఒట్టు వేస్తే కూతురు పొమా ఉంది, దాని మీద పడుతుంది. ఆఫ్రాకొమా చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఒట్టు వెయ్యలేను, ఆంటీ."

"అయితే ఎవరు కత్తిరించారు?"

ఆమె మేడమ్ వైపు చూసింది. పొర కమ్మిన కళ్లకి ఆ చూపు అందకపోవచ్చు గానీ, గది అంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో ఆవిడకి వినపడుతూనే ఉంటుంది. ఆవిడ నోటి నుంచి ఒక్క మాట చాలు. ఆంటీ మాన్సా కూడా ఆ ఒక్క మాట కోసమే చూస్తోంది. గురువు ఇవ్వని విడుదల సంఘం ఇవ్వలేదు.

"దానిదంతా అదే తీరు," అంది మేడమ్. "చేతిలో పొరపాటు, పైగా మొండితనం. ఇంకో ఏడాది నా దగ్గరుంటే దారికొస్తుంది."

ఆంటీ మాన్సా కళ్లు దించుకుని పుస్తకంలో ఏదో రాసుకుంది. ఇంకో ఏడాది అన్న మాట దగ్గరే ఆఫ్రాకొమాకి మొత్తం కనబడింది. వచ్చే ఏటికి ఆ కళ్లు ఇంకాస్త పోతాయి. ఆ తర్వాత ఏటికి పూర్తిగా పోతాయి. కత్తిరించేవాళ్లు లేకుండా మేడమ్ ఒక్కరోజు కూడా బతకలేదు. ఏడాది తర్వాత ఏడాది అలా వస్తూనే ఉంటుంది. పొమా పెద్దదై, దాని పిల్లల ఫారంలో కూడా అమ్మమ్మ కుట్టుపని నేర్చుకుంటోందని రాసుకుంటుంది.

మెడలో ఉన్న టేపు తీసి, చుట్టగా చుట్టి, బైబిలు పక్కన పెట్టింది. "వెళ్లొస్తానమ్మా," అంది. గడప దాటింది.

ఆఫ్రాకొమా బస్సుల అడ్డాలో, తను అండాలు తోమిన పూటకూళ్ల కొట్టు చూరు కింద, కాలితో తొక్కే పాత మిషను ఒకటి పెట్టుకుంది. బోర్డు లేదు. జిప్పు ఊడిన ప్రయాణికులు వచ్చేవాళ్లు, సంచి తెగినవాళ్లు వచ్చేవాళ్లు, నిక్కరు చిరిగిన పిల్లల తల్లులు వచ్చేవాళ్లు. కొత్త బట్ట పట్టుకుని ఎవరూ రాలేదు. చావుబట్ట మాట దేవుడెరుగు. ఆమె కత్తెర దారాలు తెంచడానికే పనికొచ్చింది. దారం జారుతుందేమోనని ప్రతి కుట్టునీ రెండుసార్లు లాగి చూసే అలవాటు పట్టుకుంది ఆమెకి.

ఒఫోసువా వారానికోసారి కబుర్లు మోసుకొచ్చేది. క్రిస్మస్‌కి మేడమ్ బట్టలు తీసుకోలేదు, చేతి నొప్పన్నది. ఈస్టరుకి తీసుకుంది, సగం తిరిగొచ్చాయి. పిల్లలిద్దరు మానేశారు.

"నువ్వు మానవా?"

"నేను మానితే ఆవిణ్ణి ఇంటిదాకా ఎవరు దింపుతారు?" అంది ఒఫోసువా. దాని మొహంలో నవ్వు లేదు. "నాకెప్పట్నించో తెలుసక్కా. నువ్వు తెర వెనక్కి నీళ్లు తీసుకెళ్లేదానివి. గ్లాసు నిండుగానే తిరిగొచ్చేది."

సెప్టెంబరులో పొమా బడి నుంచి ఫోను చేసింది. "అమ్మా, ఫారం ఇచ్చారు. ఈసారి ఏం రాయను?"

ఆఫ్రాకొమా చేతిలో ఎవరిదో లారీ సీటు కవరు ఉంది. "ఖాళీగా ఉంచు," అంది.

"ఖాళీగా ఉంచితే తీసుకోరమ్మా."

"రెండు వారాలు ఆగు, చెబుతా." రెండు వారాల్లో ఏం మారుతుందో ఆమెకే తెలియదు.

ఆ రెండు వారాల్లోనే ఒక సంతరోజున, అడ్డా కిటకిటలాడుతుంటే, బొవాటెమా మేడమ్ వచ్చింది. ఒఫోసువా భుజం మీద చెయ్యి వేసుకుని, పిల్ల మీద ముద్దుకొద్దీ వేసుకున్నట్టుగా నడిచి వచ్చింది. చంకలో మూట ఉంది. బల్ల మీద నలుగురైదుగురు ఆడవాళ్లు, జిప్పు పట్టుకుని ఒక డ్రైవరు కూర్చుని ఉన్నారు.

మేడమ్‌ని చూడగానే లేచి నిలబడాలని ఆఫ్రాకొమా మోకాళ్లు అనుకున్నాయి. ఆమె లేవలేదు.

"కూర్చోండమ్మా. వీళ్లయ్యాక చూస్తాను."

మేడమ్ బల్ల చివర తడుముకుని కూర్చుంది. ఆఫ్రాకొమా డ్రైవరు జిప్పు వేసింది. ఒకావిడ పిల్ల గౌను మడత విప్పి కుట్టింది. ఇంకొకావిడ సంచి పట్టీ రెండు వరసలు కుట్టి, రెండుసార్లు లాగి చూసింది. తొందరపడలేదు. ఎండ మేడమ్ కాళ్ల మీదికి వచ్చింది, ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ఇవ్వండి," అంది ఆఫ్రాకొమా.

మూటలో కోళ్ల బట్ట. ఆ రోజు కట్టుకోని ఆరు గజాలు, ఇంకా గంజి వాసన పోలేదు.

"టివా వాళ్లమ్మకి ఏడాది వస్తోంది," అంది మేడమ్. "కబా కుట్టాలి."

ఆఫ్రాకొమా బట్టని బల్ల మీద పరిచింది. సుద్దముక్క తీసింది. అప్పుడు మేడమ్ అడిగింది, కొలతలు చదివే రోజుల్లో వాడిన ఆ పెద్ద గొంతుతో.

"కోళ్లు ఎటు చూస్తున్నాయే?"

బల్ల మీది ఆడవాళ్లు మాటలాపేశారు. పూటకూళ్లావిడ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.

"తలలు నా వైపున్నాయమ్మా."

"అయితే భుజం దగ్గర మడత పెట్టకు."

"తెలుసమ్మా."

"నీకు తెలుసు," అంది మేడమ్. "ఆ రోజు నువ్వు చెప్పావు కూడా. నాకే కనపడలేదు. కత్తిరించింది నేను."

సంచి తీసుకుని వెళ్లబోతున్న ఆవిడ మళ్లీ కూర్చుంది. ఈ మాట సాయంత్రానికి గుడి దాకా పోతుంది, ఆంటీ మాన్సా గుమ్మం దాకా పోతుంది. ఆఫ్రాకొమా కత్తెర తెరిచి పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఇంకో మాట కోసం చూసింది. పది నెలలుగా ఆగిపోయి ఉన్న దీవెన మాటలు అవి, పౌడరు లేకపోయినా, తెల్లబట్ట లేకపోయినా, ఇప్పుడు రావచ్చు. మేడమ్ పెదాలు కదిలాయి కూడా. కానీ వచ్చింది వేరే మాట.

"ఎప్పుడిస్తావు?"

బట్ట ఇచ్చినవాళ్లు దర్జీని అడిగే మాట. ఇన్నేళ్లలో ఆ నోటి నుంచి ఆఫ్రాకొమా వినలేదు. ఆమె కోళ్ల తలలు ఎటున్నాయో ఇంకోసారి చూసింది.

"శుక్రవారం రండి," అంది, కత్తెర బట్టలోకి దించింది.